పుల్లమ్మ మనవరాలి బాప్తిస్మం

మిషన్ బడి జీవరత్నం అయివారి మూడు నెలల బిడ్డకు తోక ఉందట. కుళ్ళాయమ్మ తన కళ్ళతో చూడలేదు. సంఘపెద్ద బాలప్ప భార్య చెప్పింది. ఆమె కూడా చూడలేదు గాని, బిడ్డకు ఇన్ని దినాలైనా బాప్తిస్మం ఎందుకియ్యలేదా అని కూర్చుని ఆలోచిస్తే ఆమెకు తెలిసిపోయిందట. బొటనవేలంత తోక. మెత్తగా, పిల్లికూన తోక మాదిరిగా ఉంటుందట. నీళ్ళు పోసేటప్పుడు దాన్ని అవ్వ గుడ్డలో చుట్టి దాస్తుందట. మనిషి కోతికి పుట్టినాడని బడిలో చెప్పినవాని ఇంట్లో ఇంకేం పుడుతుంది? దేవుడు చూస్తూ ఊరకుంటాడా?

ఈ సంగతంతా కుళ్ళాయమ్మ మల్బరీ తోటలో నిలబడి, ఆ బిడ్డ అవ్వ పుల్లమ్మకే చెప్పింది.

"ఊరంతా అనుకుంటాండారక్కా. నీ చెవిన ఒక మాట ఏస్తే మంచిదని వచ్చినా. నాకేం, నేను మీ దేవునిదాన్ని కూడా కాదు."

పుల్లమ్మ ఆకు కోయడం ఆపలేదు. లేత ఆకు ఒడిలోకి, ముదురాకు గంపలోకి వేస్తూ అడిగింది.

"ఎంత పొడుగుండాదంట?"

"జానెడంట."

"ఇప్పుడే గదా బొటనవేలంత అంటివి."

"పెరుగుతాది గదక్కా," అంది కుళ్ళాయమ్మ.

పుల్లమ్మ తల ఊపింది. అది న్యాయమైన మాటే అన్నట్టు ఊపింది. గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయి, పట్టుపురుగులకు ఆకు వేసి, చేతులు కడుక్కుంది. ప్రతిరోజూ పెరట్లో కాచే నీళ్ళను ఆ పూట వీధి అరుగు మీదికి తెప్పించింది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పండుకోబెట్టి ఆముదం పట్టించింది. వెన్ను, నడుము, పిర్రలు, తొడలు, అన్నీ తీరిగ్గా రుద్దింది. సంతకు పోయే బండ్లు పోతున్నాయి. నీళ్ళబిందెల ఆడవాళ్ళు అవసరం లేకున్నా ఆ వీధిలోకి మళ్ళారు. బాలప్ప భార్య తన వాకిట్లో చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే మూడుసార్లు ఊడ్చింది. పుల్లమ్మ ఎవరినీ పిలవలేదు, ఎవరినీ తిట్టలేదు. బిడ్డ దగ్గినప్పుడు మాత్రం చేయి ఆపి వీపు నిమిరింది.

"ఎండపొడలో పోస్తాండావేమి పుల్లమ్మా?" అని ఒకామె అడిగింది.

"వెలుతురు చాల్లేదే పెరట్లో," అంది పుల్లమ్మ.

సాయంత్రం జీవరత్నం బడి నుంచి వచ్చేసరికి శాంతమ్మ బిడ్డను ఒడిలో వేసుకుని గోడకు ఆనుకుని ఉంది. జీవరత్నం మద్రాసులో జంతుశాస్త్రం చదివి బి.ఏ. ప్యాసైన మనిషి. హిందూపురం మిషన్ బళ్ళో అయిదవ ఫారానికి పాఠం చెబుతాడు. మొన్న బోర్డు మీద సుద్దముక్కతో మనిషి చేయి, కోతి చేయి, గబ్బిలం రెక్క గీసి, ఎముకలు లెక్కబెట్టి చూపించి, ఇవన్నీ ఎప్పుడో ఒక్క ఇంటివే అయుండాలని చెప్పాడు. కోతికి మనిషి పుట్టినాడని అతను అనలేదు. అన్నాడని ఊరంది. ఊరి తెలివితేటల మీద అతనికి మొదటినుంచీ పెద్ద ఆశలు లేవు గనక ఆశ్చర్యపోలేదు.

కిటికీలో పెనుకొండ నుంచి పాస్టరు దేవసహాయం అయ్యగారు పంపిన జాబు ఉంది. ఆదివారం తాను ఈ గుడికి వచ్చి ఆరాధన జరిపిస్తాననీ, ఆ లోపల మేష్టరు సంఘం ముందు నిలబడి తన బోధ తప్పని ఒప్పుకుంటే బిడ్డకు ఆనాడే బాప్తిస్మం ఇస్తాననీ, లేకుంటే ఇవ్వననీ అందులో ఉంది. ఇది మూడోసారి వాయిదా.

"దగ్గు తగ్గలేదు," అంది శాంతమ్మ. "రేపు పోయి ఆయన కాళ్ళు పట్టుకుంటావో, గడ్డమే పట్టుకుంటావో, నాకు తెలీదు. గోడవతలికి నేను ఇంకోసారి రాను."

సమాధుల తోట గోడకు అవతల, కలబంద పొదల పక్కన, పేరు లేని మట్టిదిబ్బ ఒకటి ఉంది. బాప్తిస్మం కాని బిడ్డను లోపల పెట్టకూడదని అప్పుడు కూడా బాలప్పే చెప్పాడు. శాంతమ్మ ముందటి కాన్పు, పందొమ్మిది దినాల పిల్లవాడు. నక్కలు తవ్వకుండా పుల్లమ్మ దాని మీద బండలు పేర్చి వచ్చింది.

"కాళ్ళు పట్టుకునే పని లేదు," అన్నాడు జీవరత్నం, ట్రంకుపెట్టె మీద చేయివేసి. "ఆయనకు అర్థమయ్యేటట్టు రాసిపెట్టినా."

ఎనిమిది పుటలు రాశాడు. దేవుని ఒక దినం అంటే మన గడియారపు దినం కాదని, సూర్యుడు పుట్టకముందే మూడు దినాలు గడిచాయంటే ఆ దినాలు ఎటువంటివో ఆలోచించమని, కుమ్మరి సారె తిప్పితే కుండ నెమ్మదిగా లేచినట్టు మట్టి నుంచి మనిషి లేచి ఉండవచ్చని, కాలం ఎంత పట్టినా చేయి దేవునిదేనని. రాసింది తానే రెండుసార్లు చదువుకుని, ఆ సంఘంలో ఇది అర్థమయ్యేవాడు ఒక్కడూ లేడే అని బాధపడ్డాడు. ఆ బాధలో కొంత సుఖం కూడా ఉంది.

శుక్రవారం సెలవు పెట్టి పొద్దుటి రైలెక్కాడు. యుద్ధం వచ్చిన తరువాత రైలు ఎప్పుడొస్తే అదే వేళ. పెట్టెలో ధర్మవరం పోయే పట్టు వ్యాపారులు, విమానాల మీది నుంచి దూకే గొడుగులకు సర్కారు పట్టంతా లాక్కుపోతోందని, మగ్గాలకు దారం దొరకడం లేదని తగువులాడుకుంటున్నారు. జీవరత్నం కాగితాలు ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి బండలగుట్టలను చూస్తూ పెనుకొండలో దిగాడు.

దేవసహాయం అయ్యగారు కొండకింది బంగళా వరండాలో బనీనుతో కూర్చుని, చెంబులో నీళ్ళు పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. సగం ముఖం నురగ. ఆ సగం ముఖంతోనే కాగితాలు అందుకుని చదివాడు. చదువుతూ ఒకచోట నవ్వాడు. రెండోచోట "భేష్" అన్నాడు. ఎనిమిదో పుట అయ్యాక కాగితాలు మడిచి జీవరత్నం చేతికే ఇచ్చాడు.

"కుమ్మరి ఉపమానం బాగుండాది. నేను రాసినప్పుడు విత్తనమూ చెట్టూ అని రాసినా. కుమ్మరే మేలు."

"తమరు రాసినారా?"

"బెంగుళూరులో వేదాంతం చదివేటప్పుడు. ఇరవై రెండేండ్లాయె. దొర నాకు బహుమానమిచ్చినాడబ్బా దానికి." రెండో చెంప గీసుకోవడం పూర్తిచేసి, తుండుతో తుడుచుకుని, లోపలికి పోయి హార్మోనియం పెట్టె వెనక చేయి పెట్టాడు. పాటల పుస్తకాల అడుగు నుంచి అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీశాడు. అంచుల నిండా పెన్సిలు రాతలు. "నాకు తెలీదనుకుంటివా? ఆరు దినాల్లో అయిపోయిందని నేను నమ్ముతాననుకుంటివా? ఏమబ్బా, నన్ను కూడా బాలప్ప కింద జమకట్టినావే!"

జీవరత్నం చేతిలోని మడత కాగితాలను చూసుకున్నాడు. ఆ ఎనిమిది పుటలూ ఒక్కసారిగా బడిపిల్లవాని పలకరాతల్లా అయిపోయాయి.

"మరి నన్నెందుకు..."

"కూర్చో. కాఫీ తాగు." అయ్యగారు కుర్చీ దగ్గరికి లాగాడు. గొంతు తగ్గింది, చనువు పెరిగింది. "ఈ సంఘాన్ని నువ్వు చూసినావా? మొన్నమొన్నటి దాకా పెద్దమ్మకు కోళ్ళు కోసినోళ్ళు. వాన రాకపోతే ఇప్పుడూ కోస్తారు, మనకు తెలీకుండా. వాళ్ళకు ఒక తోట, ఒక పాము, ఒక పండు అని చెప్తే పట్టుకుంటారు. లక్షలేండ్లని, ఎముకలని నువ్వు పోయి చెప్తే ఏమైంది? నీ బిడ్డకు తోక మొలిచింది. అంతే వాళ్ళకు అందింది. గొర్రెలకు గడ్డి వేయాల గాని పంచాంగం చదివి వినిపిస్తే ఏం లాభం?"

జీవరత్నానికి నవ్వొచ్చింది. తాను ఎన్నోసార్లు అనుకున్న మాటే అది, ఇంత బాగా అనుకోలేకపోయాడు గాని.

"ఒక్క వాక్యం," అన్నాడు అయ్యగారు. "తప్పని ఒప్పుకో. నీకూ నాకూ నిజం తెలుసు, దేవునికీ తెలుసు. బాలప్ప నోరు మూతపడతాది, నీ పనికి గండం ఉండదు, బిడ్డకు నీళ్ళు పడతాయి. పై ఏడు హెడ్మాస్టరు పదవి ఖాళీ వస్తాది, అది వేరే మాట."

తిరుగు రైలులో నిలబడే వచ్చినా జీవరత్నానికి కాళ్ళు నొప్పి పుట్టలేదు. ఇన్నాళ్ళకు తనతో సమానంగా మాట్లాడే మనిషి దొరికాడు. ఒప్పుకున్నది అబద్ధమాడడానికేనన్న సంగతి ఎక్కడో గుచ్చుతూ ఉంది గాని, ఇద్దరు చదువుకున్నవాళ్ళ మధ్య దాన్ని అబద్ధమనడం మోటుతనంగా తోచింది.

శనివారం తెల్లవారుతూనే పుల్లమ్మ పురుగుల గదిలో చేరింది. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదు, తిరగమోత వాసన రాకూడదు, బయటివాళ్ళ కన్ను పడకూడదు. కొడుకును మాత్రం రానిస్తుంది. విత్తనానికని ఏరి పెట్టిన గూళ్ళను చీల్చుకుని రెక్కల పురుగులు బయటికి వస్తున్నాయి. తడి ఆరని తెల్లటి రెక్కలతో, లావుపాటి పొట్టలతో ఆడవి కదలకుండా కూర్చుంటే, మగవి రెక్కలు దడదడలాడించుకుంటూ వాటి చుట్టూ తిరుగుతున్నాయి. పుల్లమ్మ ఒక్కొక్క మగదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి, వెలుతురుకు పెట్టి చూసి, బాగున్నదాన్ని తట్టలోని ఆడదాని పక్కన వదులుతోంది. రెక్క ముడతపడినవి, పొట్ట నల్లబడినవి పక్కనున్న చాటలో పడుతున్నాయి.

జీవరత్నం గుమ్మంలో గొంతుక్కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏమన్నాడు అయ్యగారు?"

"రేపు నీళ్ళు పోస్తాడు. మంచి చీర తీసి పెట్టుకో."

"నువ్వు చెప్పింది ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకునేదేంది, ఆయనకు నాకంటే ముందే తెలుసు. హార్మోనియం పెట్టె వెనక ఇంత లావు పుస్తకముండాది." చేత్తో లావు చూపించాడు. "మీ బోటోళ్ళకు చెప్పొద్దన్నాడు, అంతే. రేపు నేను లేచి తప్పని ఒక మాట అంటా. ఊరికే, పైకి."

పుల్లమ్మ చేతిలోని పురుగు రెక్కలు కొట్టుకుంటోంది. ఆమె దాన్ని ఎక్కడా వదలకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

"పిలకాయలకు నువ్వు చెప్పిందేమి? నాకు చెప్పు."

"నీకర్థం కాదులేమ్మా."

"సరే," అంది పుల్లమ్మ. పురుగును తట్టలో వదిలింది. ఇంకోదాన్ని తీసింది. కొంచెం సేపటికి, తనలో తాను చెప్పుకున్నట్టు అంది: "ఇది చూడు. రెక్కలుండాయి. కొట్టుకుంటాది, ఎగరలేదు. గంపంత తట్టకు అంచు లేకపోయినా యాడికీ పోదు. మీ అవ్వ ఈ పురుగులను నా చేతికి ఇచ్చిననాడే అడిగినా, ఎగరనిదానికి దేవుడు రెక్కలెందుకిచ్చినాడని."

"ఏమన్నాది అవ్వ?"

"ఎప్పుడో ఎగిరింటాదిలేవే, అన్నాది. మనుషులు పట్టుకొచ్చి, ఎగరేటిది పోతే పోనిచ్చి, ఉండేదాన్నే విత్తనానికి పెట్టుకొని, ఉండేదాని బిడ్డల్లో మళ్ళీ ఉండేదాన్నే పెట్టుకొని... ఎన్ని వేల కాన్పులో. రెక్కలు మిగిలినాయి, ఎగరడం పోయింది." చాటలో పడిన వాటిని వేలితో కదిపింది. "మైసూరు సీమది పచ్చ గూడు. మొన్న సర్కారోడు తెచ్చిచ్చిన జపాను మగదాన్ని దీంతో కలిపితే ఇంత పెద్ద గూడు కట్టింది. నాలుగు కాన్పుల్లో నా కండ్ల ముందర పురుగే మారిపోయింది. అట్లాంటిది దేవునికి కాలమంతా చేతిలో ఉంటే..."

జీవరత్నం నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. ఎనిమిది పుటలు రాసినా అందులో ఇది లేదు. అయ్యగారి అట్ట చిరిగిన పుస్తకంలో ఉందేమో, చదువుకున్న గుర్తు. పుల్ల తీసి ఉమ్మి, "అది వేరే, ఇది వేరే అమ్మా," అన్నాడు. ఏది వేరో చెప్పలేదు.

"వేరే అయితే సరే," అంది పుల్లమ్మ. జతకూడిన పురుగుల మీద గంప బోర్లించి, వెలుతురు పడకుండా తడిగుడ్డ కప్పింది. "బిడ్డకు రాత్రి కూడా దగ్గొచ్చింది. శాంతమ్మ నిద్రపోలేదు."

ఆదివారం గుడి నిండింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. కుళ్ళాయమ్మ లోపలికి రాకుండా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. బాలప్ప ముందువరసలో పెద్దతలపాగా చుట్టి, తానే తీర్పు చెప్పబోతున్నట్టు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు బల్లమీద ఉన్నాయి.

దేవసహాయం అయ్యగారు ఆనాడు తోటను, పామును, పండును గురించి ప్రసంగించాడు. ఎంత బాగా చెప్పాడంటే, పాము పాకినప్పుడు ఆడవాళ్ళు కాళ్ళు లోపలికి ముడుచుకున్నారు. మనిషిని ఒక్క పూటలో, ఒక్క మట్టిముద్దతో, ఇప్పుడున్న రూపంలోనే దేవుడు చేశాడని గొంతెత్తి చెప్పినప్పుడు బాలప్ప "ఆమేన్" అని అరిచాడు. తరువాత అయ్యగారు జీవరత్నం వైపు చూశాడు.

జీవరత్నం లేచాడు. కోటు గుండీ సరిచేసుకున్నాడు.

"బడిలో నేను పిల్లలకు చెప్పిన మాట తప్పు. సంఘం నన్ను క్షమించాలి."

అంతే. రైలుపెట్టె తలుపు వేసినంత సేపు కూడా పట్టలేదు. బాలప్ప తలపాగా అటూ ఇటూ తిరిగి సంఘాన్నంతా చూసింది. అయ్యగారు తల దించి ఒప్పుకున్నాడు. దించేటప్పుడు ఆయన పెదవి చివర చిన్న నవ్వు మెదిలింది, జీవరత్నం పెదవి చివర అలాంటిదే ఇంకోటి. అది ఇద్దరి మధ్యా ఎంతో నాజూకుగా నడిచిన వ్యవహారం. మగవాళ్ళెవరూ చూడలేదు. పుల్లమ్మ మాత్రం పురుగు రెక్క ముడతను చూసినట్టు చూసింది.

"బిడ్డను తీసుకురా పుల్లమ్మా," అన్నాడు అయ్యగారు.

బిడ్డను బాప్తిస్మానికి అవ్వే ఎత్తుకు తేవాలని ఆ సంఘంలో వాడుక. పుల్లమ్మ లేచి, తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డతో బల్ల దగ్గరికి వచ్చింది. శాంతమ్మ వెనకే వచ్చి నిలబడింది. అయ్యగారు చొక్కా చేయి మడిచి, పళ్ళెంలో వేళ్ళు ముంచాడు.

"బిడ్డ పేరు?"

పుల్లమ్మ పేరు చెప్పలేదు.

"అయ్యగారూ, నా కొడుకు చెప్పింది తప్పా?"

"తప్పని వాడే ఒప్పుకున్నాడు గదమ్మా."

"వాన్ని అడగలేదు. వాడు నా కడుపున పుట్టినోడు, వాని సంగతి నాకు తెలుసు. మిమ్మల్ని అడుగుతాండా. మీ ఆర్మోనీ పెట్టె ఎనక దాచిపెట్టిన పుస్తకంలో తప్పని ఉండాదా?"

అయ్యగారి వేళ్ళు నీళ్ళలోనే ఉన్నాయి. జీవరత్నం కోటు గుండీ మళ్ళీ పట్టుకున్నాడు. కిటికీ దగ్గర కుళ్ళాయమ్మ ఊచల మధ్య ముఖం దూర్చింది.

"అమ్మా," అన్నాడు అయ్యగారు, ముసలివాళ్ళతో మాట్లాడే మెత్తని గొంతుతో. "అవి చదువుకున్నోళ్ళ మాటలు. అవన్నీ వింటే నీ విశ్వాసం కలతబడతాది. నీ మంచికే గదా."

"నాకేం కలత?" అంది పుల్లమ్మ. "ఎగరని రెక్కలను నలభై ఏండ్లుగా ఈ చేతుల్తో పట్టుకుంటాండా. దేవుడు నిదానంగా పనిచేసే మనిషని నాకెప్పుడో తెలుసు. నేనూ అట్లే చేస్తా గాబట్టి ఆయన మీద నాకు గురి. మీరు చెప్పే దేవుడే తొందర మనిషి."

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఆ దగ్గు విన్నట్టు బిడ్డ కూడా దగ్గింది, పొడిగా, రెండుసార్లు. శాంతమ్మ చేయి ముందుకొచ్చింది. బాలప్ప లేచి నిలబడ్డాడు.

"ముసలిదానా, గుడిలో ఇదేమి రచ్చ? నీళ్ళు పోయించుకుంటావా లేదా?"

పుల్లమ్మ బాలప్పను చూడలేదు. బిడ్డ తలమీది గుడ్డను సరిచేసి, ముడి బిగించింది. తరువాత కోడలి వైపు చూసింది. శాంతమ్మ చాపిన చేయి కాసేపు గాలిలోనే ఉంది. బిడ్డను లాక్కుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె పళ్ళేన్ని చూసింది, మొగుణ్ణి చూసింది, అతను తల ఎత్తలేదు. ఆ చేత్తో అత్త భుజం మీదినుంచి జారిన కొంగును తీసి మళ్ళీ భుజం మీద వేసింది.

అయ్యగారు పళ్ళెంలోంచి చేయి తీశాడు. నీటిచుక్కలు బల్లమీద పడ్డాయి. గొంతులో ఇప్పుడు మెత్తదనం లేదు.

"పుల్లమ్మా, బాగా ఆలోచించుకో. ఆ బిడ్డ దగ్గు నేనూ వింటాండా. ఒక్క మాట పట్టుదలకు దీన్ని కూడా గోడవతల పెట్టుకుంటావా?"

"గోడవతల నా మనవడుండాడు. పందొమ్మిది దినాలు బతికినాడు, ఒక్క అబద్ధమాడలేదు. రాతలో అట్లే ఉంటే ఇదీ వాని పక్కనే పండుకుంటాది. గోడ లోపలి చోటు మీరూ నా కొడుకూ పంచుకోండి."